నలుగురికి చాలని గాలి
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

రెండు సంచికల క్రితం ఈ శీర్షికలో, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ‘స్టోఅవే’ అనే సినిమా గురించి నాలుగు వాక్యాలు రాసి, చూసినవారు తమ సందేహాలు పంపవచ్చునని అన్నాను. ఆ నాలుగు వాక్యాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నింటికీ జవాబు చెప్పడానికి చోటు చాలదు కనుక కొన్నింటినే ఎంచుకున్నాను. సినిమా చూడనివారి కోసం ముందుగా కథ చెబుతాను. ముగింపు తెలిసిపోవడం ఇష్టంలేనివారు ఈ పుట తిప్పేయవచ్చు.

అంగారకుడి దిశగా రెండేళ్ల యాత్రకు ముగ్గురు బయలుదేరుతారు: నాయకురాలు మరీనా, జీవశాస్త్రవేత్త డేవిడ్, వైద్య పరిశోధకురాలు జోయి. నేల విడిచిన కాసేపటికే, నౌక లోపలి పలక వెనుక గాయపడి స్పృహ తప్పి ఉన్న నాలుగో మనిషి బయటపడతాడు. అతడి పేరు మైఖేల్, రాకెట్‌ను ప్రయోగానికి సిద్ధం చేసే ఇంజనీర్లలో ఒకడు. లోపలి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించే యంత్రం అతడు ఇరుక్కున్న చోటనే ఉంది. అది మరమ్మతుకు అందకుండా పాడైపోతుంది. వెనక్కి తిరిగే వీలు లేదు. డేవిడ్ తెచ్చిన నాచు ఇచ్చే గాలిని కలిపి లెక్క వేసినా అది ముగ్గురికే సరిపోతుంది, మరికొన్నాళ్లకు నాచు సగం చచ్చి ఆ లెక్క కూడా తప్పి ఇద్దరికి దిగుతుంది. నౌకకు తాళ్లతో కట్టిన రాకెట్ భాగంలో మిగిలిన ఆక్సిజన్ కోసం జోయి, డేవిడ్ వెళతారు, సూర్యుడి నుంచి ప్రాణాంతక కిరణాలు విరజిమ్మే సౌర తుపాను అడ్డుపడుతుంది. చివరికి జోయి ఒంటరిగా మళ్లీ వెళ్లి ప్రాణం వదులుతుంది. ఇక ఉత్తరాల్లోకి వెళదాం.

ప్రశ్న: మాష్టారూ, ‘స్టోఅవే’ అంటే ఓడలో దొంగచాటుగా దాక్కుని ప్రయాణించేవాడని నిఘంటువులో ఉంది. మైఖేల్ దాక్కోలేదు కదా! అతడు ఆ పలక వెనక్కి ఎలా చేరాడో నాకు అర్థం కాలేదు. నేనేమైనా చూడకుండా వదిలేశానా?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: మీరేమీ వదల్లేదమ్మా, వదిలేసింది సినిమా తీసినవారు. దర్శకుడు జో పెనా ఆ సంగతిని చివరిదాకా తేల్చడు. మైఖేల్‌కు తెలివి వచ్చేసరికి భూమి వెనకబడిపోయింది. అక్కడ తన మీద ఆధారపడిన చెల్లెలు ఉంది. అతడి కంగారు చూసినవారెవరూ కావాలని ఎక్కినవాడని అనుకోలేరు. అయినా సినిమా పేరే అతడి మీద ఒక నేరం మోపి కూర్చుంది.

ఈ లోపాన్ని చాలామంది కథలోని చిల్లుగా లెక్కించారు. నాకు మాత్రం ఆ చిల్లులోంచే అసలు కథ కనిపించింది. ఒక మనిషి పలక వెనుక ఉండగా దాన్ని బిగించినవాడు ఎవరో ఉండాలి. బిగించినదాన్ని తనిఖీ చేసి కాగితం మీద సంతకం పెట్టినవాడు మరొకడు ఉండాలి. గ్రాముల లెక్కన బరువు తూచి పంపే నౌకలో ఒక నిండు మనిషి బరువు ఎవరి పద్దులోనూ తేలకపోవడం చిన్న విషయం కాదు. వీళ్లెవరూ తెర మీదికి రారు. ఇంకో సంగతి మీరు గమనించారో లేదో, ఈ యాత్రను నడుపుతూ భూమి నుంచి మాట్లాడే సంస్థవారి గొంతు మనకు ఒక్కసారి కూడా వినిపించదు. వాళ్ల మాట మరీనా చెవిలోకి పోతుంది, మనకు ఆమె జవాబులు మాత్రమే వినిపిస్తాయి. గాలి చాలదని తేల్చినవారికి ముఖం లేదు, గొంతూ లేదు. ఆ గాలి పంచుకోవలసిన నలుగురి ముఖాలు మాత్రం దాదాపు రెండు గంటలు మన కళ్లముందే ఉంటాయి.

ప్రశ్న: ఆక్సిజన్ కోసం తాళ్ల మీదుగా పాకే ఘట్టంలో జోయి, డేవిడ్ మొదట పైకి ఎక్కుతారు, సగం దాటాక కిందికి దిగుతారు. అంతరిక్షంలో బరువు తెలియదని పిల్లలకు పాఠం చెబుతున్నాం. ఇది ఎలా కుదురుతుంది?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: చేలో పిట్టలను తోలే వడిసెలను గుర్తు చేసుకోండి. ఈ నౌకను, పని అయిపోయిన రాకెట్ భాగాన్ని పొడవైన తాళ్లతో కలిపి, ఆ రెండింటినీ మధ్యబిందువు చుట్టూ తిప్పుతూ తీసుకుపోతారు. తిరిగే వస్తువులో ఉన్నవారికి పాదాలు బయటి వైపుకు అదుముకుంటాయి, దాన్నే వారు బరువుగా అనుభవిస్తారు. మధ్యబిందువుకు 225 మీటర్ల దూరంలో ఉండి నిమిషానికి రెండు చుట్లు తిరిగితే చాలు, భూమి మీద ఉన్నంత బరువు తెలుస్తుంది. మీ పిల్లల చేత ఈ లెక్క చేయించవచ్చు.

అందువల్ల నౌక నుంచి మధ్యకు పోవడం తాటిచెట్టు ఎక్కడం లాంటిది. ఎక్కేకొద్దీ బరువు తగ్గుతూ, నడిమధ్యన పూర్తిగా పోయి, అది దాటాక మళ్లీ మొదలై, అవతలి కొసకు చేరేసరికి దిగుతున్న మనిషిని కిందికి లాగుతూ ఉంటుంది. అక్కడ చేయి జారిన వస్తువు పక్కన తేలుతూ ఉండిపోదు, వడిసెల వదిలిన రాయిలా పోతుంది. జోయి చేతిలోంచి ఆక్సిజన్ సిలిండరు జారిన క్షణం మన గుండె ఆగినంత పని అయ్యేది అందుకే. ఈ ఒక్క ఘట్టంలో దర్శకుడు సంగీతం మీదా అరుపుల మీదా ఆధారపడకుండా ఉత్కంఠను పాఠ్యపుస్తకంలోని సూత్రం చేతికి అప్పగించాడు. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన పని అది.

ఆ మధ్యలో వచ్చే సౌర తుపాను కల్పన కాదు. 1972 ఏప్రిల్‌లో అపోలో 16, డిసెంబరులో అపోలో 17 చంద్రుడి దగ్గరకు వెళ్లివచ్చాయి. ఆ రెంటికీ నడుమ ఆగస్టులో సూర్యుడిలో పెద్ద విస్ఫోటం జరిగింది. ఆ వేళకు చంద్రుడి మీద మనుషులు ఎవరూ లేకపోవడం అదృష్టమనే చెప్పాలి. మనవాళ్లు 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పంపిన ఆదిత్య-ఎల్1 ఇలాంటి విస్ఫోటాలనే గమనిస్తోంది.

ప్రశ్న: పదేళ్ల పిల్లలతో కలిసి చూడవచ్చా?
– గృహిణి, రావులపాలెం

జవాబు: బాంబులు, భూతాలు ఉండవు, నెత్తురు తక్కువ. అయితే ఒక మనిషికి ప్రాణం తీసే సూది ఇవ్వజూపే ఘట్టం ఉంది, దాని గురించి పిల్లలు అడిగితే జవాబు చెప్పడానికి మీరు సిద్ధంగా ఉండాలి. నిడివి 116 నిమిషాలు, నడక నిదానం. పిల్లలకంటే ముందు పెద్దలు నిద్రపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులు చేస్తాం. డేవిడ్ పెంచే నాచు సగం చచ్చిపోయే చోట ఇంట్లో అందరూ మామూలుగానే ఉన్నారు, నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. నిరుడు ముసురు పట్టిన రాత్రి కరెంటు పోయింది. ఉన్నది ఒక్క జనరేటరు, చెరువులు రెండు. పెద్ద రొయ్య ఉన్న చెరువులో నీటికి గాలి కలిపే ఏరియేటర్లకే పెట్టాను, రెండో చెరువు తెల్లారేసరికి పోయింది. డేవిడ్ వేసిన లెక్కా అదే కదండీ. అతడిని తప్పు పట్టడం న్యాయమేనా?
– ఆక్వా రైతు

జవాబు: ఈ ఉత్తరం చదివాక సినిమాను మరోసారి చూశాను. మీరు చెప్పిన చోటు మొదటిసారి నాకూ మామూలుగానే గడిచిపోయిందని ఒప్పుకోవాలి.

మీకు తెలిసినదే అయినా తక్కినవారి కోసం రాస్తాను. చెరువు నీటిలోని సన్నని నాచు పగటి ఎండలో కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడగానే అదే నాచు రొయ్యలతో పాటు తానూ ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నింటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాములకంటే దిగిందంటే రొయ్య ఆపదలో పడినట్లే, గట్టు వారకు వచ్చి నీటిపైకి తేలుతుంది. ముసురు పట్టి రెండు రోజులు ఎండ లేకపోతే పగలు జమ కావలసింది జమకాదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. నాచు ఒక్కసారిగా చచ్చిందా, కుళ్లే నాచు మిగిలిన ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. నిన్నటిదాకా ఊపిరి పోసినదే ఈవేళ ఊపిరి తీసేది అవుతుంది. నౌకలో జరిగింది ఇదే, చెరువు ఒక గాజుసీసాల వరుస అయిందంతే. డేవిడ్ ఆ నాచును గాలి కోసం తెచ్చుకోలేదు, అంగారకుడి యాత్రలో తన ప్రయోగం కోసం తెచ్చుకున్నాడు. దాన్ని ఊపిరి కోసం వాడటమంటే ఏళ్లతరబడి చేసిన పనిని చేజేతులా వదులుకోవడమే. సినిమాలో మొదట త్యాగం చేసినవాడు అతడే అన్న సంగతి అతడిని తిట్టుకునే ప్రేక్షకులు మరిచిపోతున్నారు.

ఇక మీ ప్రశ్న. మీ చెరువుల విషయంలో మీ నిర్ణయం సరైనదే. రొయ్యకు కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ఉంది, కౌంటుకు ధర ఉంది. ముప్పై కౌంటు చెరువును నిలబెట్టి వంద కౌంటు చెరువును వదులుకోవడం బాధాకరమైన లెక్కే గాని, లెక్కకు అందే విషయమే. మనిషికి కౌంటు లేదు. డేవిడ్ చేసిన పొరపాటు అక్కడ మొదలవుతుంది. ఈ యాత్రకు ఎవరు ఎంత అవసరమని లెక్క మొదలుపెడితే మైఖేల్ ఎప్పుడూ అడుగునే తేలుతాడు, ఎందుకంటే ఆ కొలబద్దను తయారుచేసింది తక్కిన ముగ్గురి కోసం. రెండో పొరపాటు తొందర. వేరే దారి వెతకడానికి జోయి కొంత గడువు అడిగి తీసుకుంది. ఆ గడువు తీరకముందే డేవిడ్ సూది పట్టుకుని మైఖేల్ దగ్గరికి వెళ్లాడు. మీరు ఆ రాత్రి ఇంకో జనరేటరు కోసం ఎన్ని ఇళ్ల తలుపులు తట్టారో రాయలేదు. తట్టే ఉంటారు.

ప్రశ్న: గోదావరి లంకలకు దగ్గరలోని ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. ఈ సినిమాను సగంలో ఆపేశాను, మళ్లీ పెట్టే ధైర్యం రాలేదు. నన్ను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే. నీకు గాలి చాలదన్న సంగతి మైఖేల్‌కు చెప్పడం మంచిదా, చెప్పకపోవడం మంచిదా?
– విశ్రాంత నర్సు

జవాబు: ఎందుకు ఆపేశారో మీరు రాయకపోయినా తెలుస్తూనే ఉందమ్మా. ఈ సినిమా విడుదలైన తేదీ 2021 ఏప్రిల్ 22. మన దేశంలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం ఊళ్లు తిరుగుతున్న రోజులవి. నేనూ ఒక బంధువు కోసం ఒక ఆసుపత్రి వరండాలో రాత్రంతా నిలబడ్డాను. పక్కన నిలబడినవారు కూడా సిలిండరు కోసమే వచ్చారని తెలిసి, వారి ముఖం వైపు చూడలేకపోయాను. అలాంటి రోజుల్లో ఒక చిత్రసంస్థ వినోదం కోసం ఈ కథను ఇంటింటికీ పంపడం వట్టి యాదృచ్ఛికమే, అయినా ఆ తేదీ చూసిన ప్రతిసారీ నాకు ఏదోలా ఉంటుంది.

మీ ప్రశ్నకు ముందు, మీకు బాగా తెలిసిన వస్తువుతోనే ఒక లెక్క చేద్దాం. ఆసుపత్రుల్లో వాడే పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి పది లీటర్ల చొప్పున పెడితే పన్నెండు గంటలు తిరగకుండానే అయిపోతుంది. ఎందుకంటే మాస్కు నుంచి వచ్చేదానిలో చాలాభాగం శరీరానికి అందకుండా బయటికి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరం నిజంగా ఖర్చు చేసే ఆక్సిజన్ రోజుకు సుమారు 840 గ్రాములు మాత్రమే. ఏమీ వృథా కాని మూసిన గదిలో అదే సిలిండరు ఒక మనిషికి పదకొండు పన్నెండు రోజులు వస్తుంది. మాటవరసకు 150 రోజుల ప్రయాణం అనుకుంటే ఒక మనిషికి కావలసింది 126 కిలోలు. ద్రవరూపంలో నింపితే 110 లీటర్లు. మన ఊళ్లలో డీజిలు నిలవ పెట్టుకునే 200 లీటర్ల డ్రమ్ములో సగానికి కొంచెం పైన.

నిజానికి మూసిన గదిలో ఆక్సిజన్ కరువుకంటే ముందు ప్రాణం తీసేది మనం వదిలే కార్బన్ డయాక్సైడే. అది మనిషికి రోజుకు కిలో దాకా పోగుపడుతుంది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 వ్యోమగాములను చంపబోయిందీ అదే. ఆ వాయువును పీల్చే చదరపు డబ్బాలను గుండ్రటి రంధ్రానికి అట్టలు, ప్లాస్టిక్ సంచులు, అతికించే టేపుతో అమర్చి వాళ్లు బయటపడ్డారు. సినిమా ఈ రెండు సమస్యలనూ కాస్త కలిపేసింది, అది వేరే సంగతి. ఆక్సిజన్ వరకు చూస్తే, ముప్పావు సినిమా మనల్ని కూర్చోబెట్టి ‘ఎవరు చావాలి’ అని అడిగే ధర్మసంకటం మొత్తం ఆ సగం డ్రమ్ము ద్రవంలో ఇమిడిపోతుంది. దాన్ని ఎక్కించనిది నలుగురిలో ఎవరూ కాదు.

ఇప్పుడు చెప్పడం, చెప్పకపోవడం. తన ప్రాణం గురించి పక్కగదిలో చర్చ జరుగుతుంటే ఏమీ తెలియని మైఖేల్, తననూ ఏదైనా పనికి వాడుకోమని వారి వెంట తిరుగుతాడు. సినిమాలో నన్ను అన్నింటికంటే కలచివేసింది ఆ తిరుగుడే, సౌర తుపాను కాదు. కాబట్టి చెప్పాలనే నా అభిప్రాయం. చెప్పినవాడు డేవిడ్ కావడం వల్ల చెప్పడమే క్రూరమైన పనిగా కనిపిస్తుంది గాని, అందులో క్రూరత్వం ఉన్నది రెండో సగంలో. సంగతి చెప్పి అతడి పక్కన కూర్చోవడం ఒకటి, సంగతితో పాటు సూది కూడా చేతిలో పెట్టడం ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య దూరం ఎంతో ఎవరికైనా తెలిస్తే మీ వృత్తిలో ఉన్నవారికే తెలియాలి. మిగిలిన సగం చూడకపోయినా ఫరవాలేదు.

ప్రశ్న: నలుగురిలో ఒకరిని చంపి ముగ్గురు బతికితే మన చట్టం దాన్ని హత్య అంటుందా? పోనీ, చీట్లు వేసి తేల్చుకుంటే?
– న్యాయశాస్త్ర విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: నేను వకీలును కాదు, నా జవాబు పట్టుకుని పరీక్ష రాయవద్దు. అయినా ఈ ప్రశ్న మీద ఇంగ్లండులో ఒక ప్రసిద్ధమైన తీర్పు, మన దేశంలో ఒక చక్కని చట్టవాక్యం ఉన్నాయి.

1884లో ‘మిన్యొనెట్’ అనే చిన్న ఓడ దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో మునిగిపోయింది. నలుగురు ఒక చిన్న పడవలో మిగిలారు. వాళ్ల దగ్గర తిండి అన్నది రెండు టర్నిప్ దుంపల డబ్బాలు. మూడు వారాలు కావస్తుండగా నాయకుడు డడ్లీ, స్టీఫెన్స్ అనే మరొకడు కలిసి, జబ్బుపడి పడి ఉన్న పదిహేడేళ్ల కుర్రవాడు రిచర్డ్ పార్కర్‌ను చంపి, అతడి మాంసంతో ప్రాణం నిలుపుకొన్నారు. నాలుగైదు రోజులకు మరో ఓడ కనిపించి వారిని కాపాడింది. ప్రాణావసరం హత్యకు సమర్థన కాదని కోర్టు తీర్పు చెప్పి మరణశిక్ష వేసింది, తరువాత దాన్ని ఆరు నెలల ఖైదుకు తగ్గించారు. చీట్ల మాట ఆ పడవలోనూ వచ్చింది, కాని వేయలేదు. వేసినా నా దృష్టిలో తేడా ఏమీ రాదు. అందరూ తెలిసి ఒప్పుకున్నప్పుడే చీటీకి విలువ. దాళ్వాకు (రెండో పంటకు) నీళ్లు చాలనప్పుడు కాలువల మీద వంతులు పెట్టుకుంటామంటే, ఆ కాలువ కింద సేద్యం చేయడానికి మనం ముందే ఒప్పుకున్నాం కనుక. (శివారు రైతుకు వంతు ఎప్పుడూ నడిరాత్రే ఎందుకు వస్తుందో మరోసారి మాట్లాడుకుందాం.) మైఖేల్ ఈ యాత్రకే ఒప్పుకోలేదు.

మన చట్టం సంగతి ఇంకా ఆసక్తికరం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 81వ సెక్షను, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 19వ సెక్షను చూడండి. పెద్ద హానిని తప్పించడానికి, నేరబుద్ధి లేకుండా, సదుద్దేశంతో చిన్న హానికి సిద్ధపడటం నేరం కాదని దాని సారాంశం. ఆ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణ మన గోదావరివారి కోసమే రాసినట్లు ఉంటుంది. ఒక ఓడ కెప్టెన్ ఉన్నాడు. ఇరవై ముప్పై మంది ఉన్న పడవ ఎదురుగా వచ్చింది, ఓడను ఆపే వ్యవధి లేదు. పక్కకు తిప్పితే ఇద్దరే ఉన్న మరో చిన్న పడవను గుద్దే ప్రమాదం ఉంది, తప్పించుకుపోయే అవకాశమూ ఉంది. చిన్న పడవను గుద్దాలనే ఉద్దేశం లేకుండా తిప్పితే అతడు నేరస్థుడు కాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఎనిమిదేళ్లు తిరిగేసరికి, కాలువల్లో పడవలు బారులు తీరిన కాలంలో ఈ వాక్యం చట్టమైంది. పాశ్చాత్య తత్త్వవేత్తలు ఒక రైలుపట్టా మీద ఐదుగురిని, రెండోదాని మీద ఒకరిని పెట్టి, వచ్చే బండిని ఎటు తిప్పాలని అడిగి ఈ చర్చను ప్రసిద్ధం చేసింది ఆ తరువాత శతాబ్దం పైమాటే.

ఆ ఉదాహరణలో నేను పదే పదే చదివే మాట ఇంకొకటి ఉంది. కెప్టెన్ ఆ పరిస్థితిలోకి ‘తన తప్పు గాని, అజాగ్రత్త గాని లేకుండా’ వచ్చి ఉండాలి. ఇరవై మందా, ఇద్దరా అని అడగడానికి ముందు చట్టం అడిగే ప్రశ్న, నువ్వు ఇక్కడిదాకా ఎలా వచ్చావని. దీని పక్కనే రెండో ఉదాహరణ ఉంది: అగ్నిప్రమాదం పాకిపోకుండా ఇళ్లు పడగొట్టినవాడు. వేసవిలో తాటాకిళ్లు అంటుకున్నప్పుడు పక్కింటి కప్పు పీకేసి వీధిని కాపాడిన పెద్దవాళ్ల ముచ్చట మా ఇంట్లోనూ విన్నాను. నిప్పు ఆరాక ఆ పీకినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదట. పొయ్యి ఆర్పకుండా చేలోకి వెళ్లినదెవరన్న పంచాయతీ మాత్రం చాలాకాలం నడిచిందట. మైఖేల్ కథలో ఆ పంచాయతీ జరగనే లేదు.

ప్రశ్న: ఈ కథ పూర్తిగా కొత్తదేనా? నా చిన్నతనంలో ఇలాంటిదొకటి ఆంగ్లంలో చదివిన గుర్తు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రామచంద్రపురం

ప్రశ్న: ఎవరో ఒకరు పోవలసి వస్తే చివరికి జోయే ఎందుకు పోవాలి? ఆడపిల్ల త్యాగం చేస్తేనే కథ పండుతుందా?
– గృహిణి, పాలకొల్లు

జవాబు: రెంటికీ కలిపి జవాబు చెబుతాను, ఎందుకంటే ఒకదానికి జవాబు రెండోదానిలోనే ఉంది. ఉపాధ్యాయులవారి జ్ఞాపకం సరైనదే కావచ్చు. 1954లో టామ్ గాడ్విన్ అనే రచయిత ఒక కథ రాశాడు. మందు తీసుకుని ఒంటరిగా వెళ్తున్న చిన్న నౌకలో, అన్నయ్యను చూడాలనే ఆశతో ఒక అమ్మాయి దాక్కుంటుంది. ఇంధనం ఒక్కరి బరువుకే కొలిచి పోశారు. రచయిత ఆమెను ఏదో ఉపాయంతో బతికిస్తూ పంపితే, పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ మళ్లీ మళ్లీ తిప్పి పంపాడని చెబుతారు. చివరికి అచ్చయిన కథలో ఆమెను నౌక బయటికి పంపేస్తారు. లెక్కకు దయ లేదని చెప్పడం ఆ కథ ఉద్దేశం. ఇంధనాన్ని చుక్క మిగలకుండా కొలిచి పోసినది లెక్క కాదు, మనిషి. ఈ అనుమానం డెబ్బై ఏళ్లుగా పాఠకులకు వస్తూనే ఉంది.

కాబట్టి పాలకొల్లు సోదరి అడిగినదానికి వేరే దిక్కు నుంచి జవాబు. పాత కథలో అమ్మాయిని బయటికి పంపారు. ఈ సినిమాలో జోయి తానే వెళ్లింది. తన ప్రాణాన్ని మరొకరి లెక్కలోకి రానివ్వకుండా, తనదైన లెక్కతో వెళ్లింది. అది పాతదానికంటే మేలే. అయినా నాకు పూర్తి తృప్తి కలగలేదు. నలుగురి మధ్య బిగుసుకున్న ముడిని విప్పలేక, అందరిలో మంచిదాన్ని ఎంచి ఆమెచేత తెంపించినట్లు అనిపించింది. ఆమె పోయాక తక్కిన ముగ్గురూ ఎవరినీ ఎంచుకోవలసిన అవసరం లేకుండా బయటపడ్డారు. మనమూ అలాగే బయటపడ్డాం. ఆడపిల్ల అన్నదానికంటే నాకు ఇదే ఎక్కువ అభ్యంతరం. మీ అభ్యంతరం కూడా తీసిపారేసేది కాదు.

ప్రశ్న: నేను నరసాపురం, సఖినేటిపల్లి మధ్య రేవులో, మనుషులను బళ్లను గోదారి దాటించే పంటు మీద చాలా ఏళ్లు పనిచేశాను. నడిపేవాడు ఆఖరున దిగాలని మా పెద్దలు చెప్పేవారు. నాయకురాలు ఉండగా వేరొకరు ప్రాణానికి తెగించి వెళ్లడం నాకు నచ్చలేదు. మా మనవడు, ఆమె చేయి విరిగింది కదా అంటాడు.
– రేవు కార్మికుడు

జవాబు: మీ మనవడు చెప్పింది నిజం. మైఖేల్ పైనుంచి పడినప్పుడే మరీనా చేయి విరిగింది. తాళ్ల మీద పాకడానికి రెండు చేతులూ కావాలి. మైఖేల్‌కు ఆ తర్ఫీదు లేదు, డేవిడ్ మొదటిసారికే నీరసపడ్డాడు. కథ రాసినవారు మిగతా దారులన్నీ మూసి జోయి ఒక్కదానికే తెరిచి ఉంచారు, ఇందాక నేను సణిగింది అదే.

కాని మీ మాటను అంత తేలిగ్గా వదలలేను. మీ ఉత్తరంలో ప్రశ్న కింద మీరు రాసిన మరో రెండు వాక్యాలు ఇక్కడ అచ్చు వేస్తున్నాను: ‘ఎన్ని మోటారు సైకిళ్లు, ఎంతమంది మనుషులు అని రేవులోనే లెక్కపెట్టుకుని కట్టు విప్పేవాళ్లం. నడి గోదారిలో లెక్కపెట్టడం మొదలుపెడితే ఇక అది లెక్క కాదు బాబూ, ఏడుపు.’ మరీనా తన నౌకలో ఎంతమంది ఉన్నారో నేల విడిచాక తెలుసుకుంది. అందుకు ఆమె బాధ్యత ఎంత, ఆమెకు నౌకను అప్పగించినవారి బాధ్యత ఎంత అన్నది మీరూ మీ మనవడూ తేల్చండి. నేను మీ పక్షాన ఉన్నాను.

ప్రశ్న: సినిమా ఆఖరున జోయి ఒంటరిగా కూర్చుని దూరంగా ఒక వెలుగును చూస్తుంది. అది ఏమిటి? మిగిలినవాళ్లు క్షేమంగా చేరారా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, అంతర్వేది

జవాబు: అది అంగారకుడమ్మా. మిగిలిన ముగ్గురూ చేరారో లేదో సినిమా చూపించదు, ఆ వెలుగు దగ్గరే ఆగిపోతుంది. రాత్రివేళ మీ ఊరి సముద్రపు ఒడ్డున, దీపాలకు దూరంగా నిలబడి చూస్తే నీకూ అంగారకుడు కనిపిస్తాడు. కొంచెం ఎర్రగా ఉంటాడు, చుక్కల్లా మిణుకుమిణుకుమనడు. అన్ని నెలల్లోనూ కనిపించడు, కనిపించే నెల ఏదో మీ సైన్సు టీచరుగారిని అడుగు.